తువ్వాలు మడతలో వచ్చిన ఉత్తరం

పోయినవారం పొడుగోణ్ణి లాండ్రీ గేటు దగ్గర, చేతిలో విప్పని ఉత్తరంతో నిలబెట్టి వదిలేశాం. వాడింకా అక్కడే ఉన్నాడు. కొత్తగా చదివేవాళ్ళ కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్తాను. తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

ఆ లాండ్రీలో ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు ఉతుకుతారు. యుద్ధం మొదలయ్యాక సైన్యం కంబళ్ళు కూడా వచ్చి పడుతున్నాయి. ఉతికినవి వెళ్తాయి, మరకలతో తిరిగొస్తాయి. ఆ మరకలేంటని ఎవరూ అడగరు. పని రెండింతలైంది. కూలి మాత్రం పెరగలేదు. సమ్మె చేద్దామనుకున్నారు. ఏ రోజు తెల్లవారుజామున గేటు మూయాలో ఒకళ్ళిద్దరికి తప్ప తెలియదు. తీరా ఆ తెల్లవారుజామున వెళ్ళేసరికి యజమాని తెప్పించిన బయటి మనుషులు లారీల్లో దిగి మిషన్ల దగ్గర నిలబడి ఉన్నారు. సమ్మె పుట్టకముందే చచ్చింది. కొందరి ఉద్యోగాలు పోయాయి.

ఎవడు చెప్పాడు? మీటింగులో అందరూ నేను కాదంటే నేను కాదని ఒట్లు పెట్టుకున్నారు. పొట్టోడొక్కడే నోరు విప్పలేదు. మర్నాడు సైన్యంలోకి వెళ్ళిపోయాడు. ఇంకేం సాక్ష్యం కావాలి? పొట్టోడితో ఏళ్ళ తరబడి ఒకే బల్ల దగ్గర జతగా దుప్పట్లు మడిచినవాడు, యూనియన్ నాయకుడు, మన పొడుగోడే గేటెక్కి "అమ్ముడుపోయినోడు" అని అరిచాడు. ఊరంతా విన్నది.

పొట్టోడు పోయాడు, వాడి అక్క మిగిలింది. ఆమెదీ దుప్పట్ల సెక్షనే. దుప్పటి మడవడం ఒక్కరి పని కాదు. ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు ఉండాలి. ఇన్నాళ్ళూ జతకట్టినవాళ్ళు తప్పుకోవడంతో ఇప్పుడు ఆమెకి ఆ చివర ఎవరూ లేరు. గోడకి ఒక కొక్కెం ఉంది, దానికి రెండు మూలలు తగిలించి ఒక్కతే మడుస్తోంది. రోజు పనిలో సగం కూడా అవడంలేదు. రేపు సాయంత్రం మీటింగులో తీర్మానం ఒకటి పెడుతున్నారు. ద్రోహి ఇంటి మనిషితో ఎవరూ జత కట్టకూడదని. అది నెగ్గితే నెలాఖరుకి ఆమెకి ఉద్యోగం ఉండదు. తీర్మానం రాసింది పొడుగోడే.

ఇలాంటి సమయంలో వచ్చింది ఆ ఉత్తరం. పొద్దున బయలుదేరుతుంటే భార్య వాడి చేతిలో పెట్టింది, "నిన్న వచ్చింది, నువ్వు పడుకున్నావని లేపలేదు" అంటూ. కవరు మీద సైన్యం ముద్ర. రాత పొట్టోడిది.

చింపేద్దామని రెండుసార్లు అనుకున్నాడు. చింపేవాడు చదవకుండా చింపుతాడు, వీడు అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. అక్కడే ఓడిపోయాడు. గేటు లోపలికొచ్చి, కంబళ్ళ మూటల వెనక్కి పోయి, విప్పాడు.

"ఒరే పొడుగోడా,

నన్ను తిట్టడం అయిపోయిందా? అవకపోతే కాసేపు ఆపి ఇది చదువు, తర్వాత మళ్ళీ మొదలుపెట్టు.

మమ్మల్ని రేవు దగ్గర షెడ్లలో పడేశారు. ఓడ కనపడుతోంది. అనుకున్నంత పెద్దదేం కాదు. ఇంతమందిని అందులో ఎలా పట్టిస్తారా అని చూస్తుంటే, మనుషుల్ని కూడా మడత పెట్టి సర్దుతారేమో అనిపిస్తోంది. అలాగైతే నాకు మంచి ఉద్యోగమే దొరుకుతుంది. బూట్లు ఇరుకు, చొక్కా వదులు. నా కొలత మనిషి యుద్ధానికొస్తాడని వీళ్ళు అనుకోలేదట.

ఒక వింత చెప్పనా? నాకిచ్చిన కంబళి మూల మన లాండ్రీ గుర్తుంది. ముక్కుకి ఆనించుకుంటే మన సోడా వాసన. కప్పుకుంటే మీరందరూ చుట్టూ నిలబడి తిడుతున్నట్టే ఉంది. అయినా వెచ్చగానే ఉంది. దాని మీద ఒక మరక పోలేదు. మనం ఎంత ఉడకబెట్టినా పోని రకం, నీకు తెలుసుగా. ఇదెవడు కప్పుకున్నదని అడిగితే, కంబళ్ళు పంచేవాడు నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు.

సరే. ఆ రోజు సంగతి నీకు చెప్పాలి. ఎప్పటికీ చెప్పకూడదనే అనుకున్నాను. ఓడని చూశాక మనసు మారింది. కోపం తెచ్చుకోకు. ఆ మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు నువ్వు"

కాగితం అయిపోయింది. పొడుగోడు గబగబా రెండో కాగితం తీశాడు.

"అందుకే నోరు మూసుకున్నాను. ఇదంతా చదివాక అక్కకి మాత్రం చెప్పు. మిగతావాళ్ళు నా గురించి ఏమనుకున్నా ఫరవాలేదు, వాళ్ళెవరూ నన్ను ఎత్తుకుని పెంచలేదు. అక్క పెంచింది. తమ్ముడు అలాంటివాడు కాదని ఆమెకొక్కదానికి తెలిస్తే చాలు, నేను నిశ్చింతగా ఓడెక్కుతాను.

అవునూ, ఆమె దుప్పటి రెండో చివర ఇప్పుడెవరు పట్టుకుంటున్నారు? రాయి.

ఇట్లు,
నీ దుప్పటి ఆ చివర"

పొడుగోడు కవరులోకి వేలు పెట్టి తడిమాడు. తలకిందులు చేసి దులిపాడు. ఏమీ లేదు. 'నువ్వు' తర్వాతేంటి? కరెంటు పోయినప్పుడు నేనేం చేశాను? 'అందుకే' అంటే ఎందుకు? ఈ రెండు కాగితాల మధ్య ఇంకోటి ఉండాలి. ఆ ఇంకోటి లేదు.

వాడికి కోపం రావాలి, రాలేదు. ఏంటో తెలుసుకోవాలన్న దురద పట్టుకుంది. పోయిన నెలరోజులుగా పొట్టోడి పేరెత్తితే పళ్ళు కొరికినవాడు, ఇప్పుడు వాడు రాసిన ఒక్క ముక్క కోసం మూటలన్నీ కెలుకుతున్నాడు. ఎక్కడైనా జారిపడిందేమోనని.

గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు. ముసలాయన, వయసులో సైన్యంలో చేసి వచ్చాడు. పొడుగోడు ఆయన దగ్గరికి వెళ్ళి, "తాతా, సైన్యంలో ఉత్తరాలు విప్పి కాగితాలు తీసేస్తారా?" అన్నాడు.

ఆయన చెవి మూసుకున్నాడు. "అరవకురా! నేనేమన్నా అవతలి ఒడ్డున ఉన్నానా?"

"అరవలేదే. ఈమధ్య ఎవర్ని చూసినా ఇదే మాట. మీరంతా నోట్లో నోట్లో గొణుక్కుంటారు, నన్నేమో అరిచానంటారు."

వాచ్‌మన్ కవరు చేతికి తీసుకుని ముద్ర చూశాడు. "విప్పుతారు, ఎందుకు విప్పరు. చదివే ఆఫీసరొకడుంటాడు. నచ్చని మాట కనపడితే నల్ల సిరా పూస్తాడు. మా రోజుల్లో నేను మా ఆవిడకి రాసిన ఉత్తరం మొత్తం నల్లగా పోయింది. ఏమైనా రహస్యాలు రాశావా అని ఇంటికొచ్చాక అడిగింది. తిండి బాలేదని రాశానంతే."

"కాగితం తీసేసుకుంటాడా?"

"తీసి ఏం చేసుకుంటాడు? వాడి ముందు గంపెడు ఉత్తరాలుంటాయి. పూస్తాడు, కవర్లో కుక్కుతాడు, ముద్ర కొడతాడు." ఆయన కవరు అంచు మీద గోరుతో గీశాడు. "ఇది చూడు. ఈ ముడతలు చూస్తే నీకేమనిపిస్తోంది? నువ్వు లాండ్రీ వాడివేగా."

పొడుగోడు చూశాడు. జిగురంచు సన్నగా అలలు తేలి ఉంది. ఆవిరి తగిలిన కాగితం అలాగే ఉంటుంది. లేబుళ్ళు అంటించిన పెట్టెలు బాయిలరు పక్కన పెడితే రోజూ చూసేదే.

రేవులో షెడ్లున్నాయి, ఓడ ఉంది. ఆవిరి మాత్రం ఇక్కడుంది.

లోపల హాల్లో మిషన్లు తిరుగుతున్నాయి. ఆ చప్పుడు గురించి చెప్పడం నావల్ల కాదు. చెప్పినా వినపడదు. అక్కడ ఎవరూ గొంతుతో మాట్లాడరు. పెదాలతో మాట్లాడతారు. నోరు బాగా తెరిచి, మాటని పెదాల మీద బొమ్మ గీసినట్టు గీస్తారు. హాలు ఈ చివర్నుంచి ఆ చివరికి కబుర్లు, తిట్లు, సంబంధాలు అన్నీ అలాగే నడుస్తాయి. పనిలో చేరిన కొత్తవాళ్ళకి మొదట వచ్చేది మడత, తర్వాత వచ్చేది పెదాల మాట. సూపర్వైజర్లకి అది రాదు. వాళ్ళు ఆఫీసులోంచి దిగుతారు. యూనియన్ పుట్టింది కూడా ఆ పెదాల మీదే. వాళ్ళ ముక్కు ముందే సమ్మె మాట్లాడుకున్నారు, ఒక్క చప్పుడు లేకుండా.

పొడుగోడు తన బల్ల మీద ఆ రెండు కాగితాలు పరిచాడు. అరచేత్తో తుడిచాడు. అప్పుడు కనపడింది.

మడతలు.

దుప్పటికి ఒక మడత, తువ్వాలుకి ఒక మడత. దుప్పటి సగానికి సగం, మళ్ళీ సగానికి సగం. విప్పితే గీతలు కూడికల గుర్తులా పడతాయి. తువ్వాలైతే మూడు మడతలు, అటోటి ఇటోటి, మధ్యలో మూడోది. విప్పితే రెండు అడ్డగీతలు. ఏళ్ళ తరబడి అదే పని చేసిన చెయ్యి ఏం దొరికినా అలాగే మడుస్తుంది. చొక్కా, పేపరు, చివరికి చాక్లెట్ కాగితం కూడా. పొట్టోడు దుప్పట్లవాడు.

కాగితాల మీద కూడికల గుర్తు ఉంది. కానీ పాతబడి ఉంది, జేబులో నలిగి మెత్తబడింది. దాని మీద నుంచి ఇంకో రెండు అడ్డగీతలు, కొత్తవి, బొటనవేలి గోరుతో నొక్కినట్టు పదునుగా ఉన్నాయి.

దుప్పటి మడతలో బయలుదేరిన ఉత్తరం తువ్వాలు మడతలో చేరింది.

పొడుగోడు తలెత్తాడు. తువ్వాళ్ళ సెక్షన్ హాలు అవతలి గోడ దగ్గర. అక్కడంతా ఆడవాళ్ళే. దొంతరల వెనక వరసగా తలలు. ఆ వరసలో మూడో మనిషి వాడి భార్య. ఆమె చేతులు ఆగాయి. వాడి మొహం వైపు చూసింది, బల్ల మీద కాగితాల వైపు చూసింది. వాడు పెదాలతో "ఏంటిది?" అన్నాడు.

ఆమె మొహం గోడ వైపు తిప్పుకుంది. ఆ హాల్లో మొహం తిప్పుకోవడమంటే తలుపు వేసుకోవడమే.

ఇంతలో ఇంకెవరో తనని చూస్తున్నట్టనిపించి తిరిగాడు. కొక్కెం దగ్గర పొట్టోడి అక్క. చేతిలో దుప్పటి చివర, కళ్ళు కవరు మీద. అంత దూరంలోంచి కూడా సైన్యం ముద్ర గుర్తుపట్టింది. నెలరోజులుగా ఆమెతో వాడు మాట్లాడలేదు. ఇళ్ళ మధ్య ఒక్క గోడ అడ్డం, అయినా మాట్లాడలేదు.

"బతికున్నాడా?" అంది పెదాలతో.

చూడనట్టు నటించవచ్చు. వాడి తల దానంతటదే ఊగింది, ఉన్నాడని.

ఆమె ఇంకేం అడగలేదు. ఏం రాశాడని గానీ, నాకెందుకు రాయలేదని గానీ. దుప్పటి కొక్కేనికి తగిలించి వెనక్కి నడిచింది. బిగించి లాగింది, ఒక మూల కొక్కెం నుంచి జారిపడింది. ముందుకొచ్చి తగిలించి మళ్ళీ వెనక్కి నడిచింది. పక్క బల్ల దగ్గర ఇద్దరు ఖాళీగా నిలబడి ఉన్నారు. ఇద్దరూ పైకప్పు చూస్తున్నారు. ఎందుకంటే వాళ్ళ నాయకుడు అక్కడే ఉన్నాడు. నాయకుడు తన కాగితాలు చూసుకుంటున్నాడు.

సాయంత్రం పొడుగోడు ఇంటికెళ్ళాడు. రేడియో పెట్టాడు. కాళ్ళు కడుక్కుని వచ్చి, ఉత్తరం విప్పి బల్ల మీద పరిచి, కుర్చీలో కూర్చున్నాడు.

భార్య పళ్ళెం తెచ్చింది. పెట్టడానికి చోటు లేదు. పళ్ళెం ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కాగితాల్ని తీసింది. అటోటి, ఇటోటి, మధ్యలో మూడోది. బొటనవేలు గీత మీద సర్రున పోయింది. అప్పుడు ఆగింది. తన చేతి వంక తనే, పరాయివాళ్ళ చెయ్యిని చూసినట్టు చూసుకుంది.

"ఇంక చెప్పు," అన్నాడు పొడుగోడు.

ఆమె పళ్ళెం కింద పెట్టింది. రేడియో కట్టేసింది. "అన్నం తిన్నాక చెప్తే?"

"నాకొచ్చిన ఉత్తరం ఆవిరి పెట్టి విప్పుతావా? నా స్నేహితుడి రాత నా దగ్గరే దాస్తావా?"

"స్నేహితుడా? నిన్నటిదాకా అమ్ముడుపోయినోడు కదా?"

"ఎదురు మాట్లాడకు! కాగితం ఏది?"

"మెల్లగా మాట్లాడు."

"మెల్లగానే మాట్లాడుతున్నాను!"

ఆమె కళ్ళు ఒక్క క్షణం మూసుకుంది. తర్వాత అలమర దగ్గరికి వెళ్ళి, ఉతికిన తువ్వాళ్ళ దొంతర్లో చెయ్యి పెట్టింది. కింద నుంచి రెండో తువ్వాలు లాగి విప్పింది. లోపల కాగితం. మూడు మడతలు.

"కాల్చేద్దామనే తీశాను," అంది. "ఓడెక్కేవాడి రాత కదా. చెయ్యి రాలేదు. వాడు బతికున్నాడని నీకు తెలియాలని మిగతావి ఇచ్చాను. చదువు. చదివాక నన్ను ఏమైనా అను. కూర్చుని చదువు."

పొడుగోడు నిలబడే చదివాడు.

"పెదాలతో మాట్లాడుతున్నాననుకున్నావు. మిషన్లు ఆగిపోయాయి, అందరూ గాలికి బయటికి పోయారు, మనిద్దరం ఆఖరి దొంతర ముగిద్దామని ఉండిపోయాం. గుర్తుందా? నువ్వు దుప్పటి ఆ చివర పట్టుకుని, ఏ రోజు, ఏ గేటు, ముందు ఎవరు నిలబడాలి, అంతా వివరంగా చెప్పావు. పెదాలే కదుపుతున్నాననుకున్నావు. గొంతు వచ్చిందిరా. అలాంటిలాంటి గొంతు కాదు. సూపర్వైజరు ఇనప మెట్ల మీద నిలబడి ఉన్నాడు. వాడికి పెదాల మాట రాదు గానీ చెవులు బాగానే ఉన్నాయి. నేను దగ్గాను. కళ్ళెగరేశాను. దుప్పటి గట్టిగా లాగాను. 'సరిగ్గా పట్టుకోరా పొట్టోడా' అని తిట్టి, మళ్ళీ మొదట్నించి చెప్పావు.

నీ చెవులు పోయాయిరా. ఎప్పటినుంచో పోతున్నాయి. మనమంతా మొహాలు చూసి మాట్లాడే జనం కాబట్టి నీకు తెలియలేదు. మాకూ తెలియలేదు. నాకు అనుమానం ఉండేది, ఆ రోజు రుజువైంది.

మీటింగులో లేచి ఇది చెప్తే ఏమయ్యేది? సగంమంది నవ్వేవాళ్ళు, సగంమంది నిన్ను తన్నేవాళ్ళు. యూనియన్ ఆ పూటతో సరి. యజమానికి ఇంతకంటే ఏం కావాలి? నాకు సైన్యం నుంచి పిలుపు అప్పటికే వచ్చి జేబులో ఉంది. ఎవరికీ చెప్పలేదు. ఎలాగూ పోయేవాణ్ణి. పోయేవాడు ఆ నింద కూడా మూటలో కట్టుకుపోతే ఇక్కడ ఎవరికీ బరువుండదనుకున్నాను."

అక్కడ కాగితం అయిపోయింది. తర్వాతి ముక్క వాడికి పొద్దున్నే నోటికొచ్చేసింది. అందుకే నోరు మూసుకున్నాను.

పొడుగోడు పకపకా నవ్వాడు. "అబద్ధం. పచ్చి అబద్ధం! చూశావా ఎంత తెలివిగా అల్లాడో! నాకు చెవుడా? నువ్వు మాట్లాడేది వినపడట్లేదా? ఇప్పుడు నీతో మాట్లాడట్లేదా?"

భార్య వాడి వైపు చూస్తూ, "వినపడుతోందా?" అంది.

"శుభ్రంగా!"

ఆమె వెనక్కి తిరిగింది. వాడికి ఆమె వీపు, జడ కనపడుతున్నాయి. పొయ్యి దగ్గర గిన్నె సర్దింది. వాడు ఎదురుచూస్తున్నాడు, ఏదో చెప్తుందని. చాలాసేపు ఎదురుచూశాడు. ఆమె ఇటు తిరిగింది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఏంటలా మౌనంగా నిలబడ్డావు?" అన్నాడు.

"నీ పేరు పెట్టి పిలిచాను," అంది. "మనకి పెళ్ళయిన రోజుల్లో పిలిచినట్టు. తర్వాత నిన్ను ఒక తిట్టు తిట్టాను. తర్వాత వాణ్ణి ఓడెక్కకుండా ఎవరైనా ఆపితే బాగుండని అన్నాను. ఒక్కటి విన్నావా?"

పొడుగోడు కూర్చున్నాడు. కూర్చోమని ఆమె ముందే చెప్పింది.

కొంతమంది నాయకులు నోటితో పుడతారు. వీడు అలాంటివాడు. బడికి పోలేదు, పుస్తకాలు తనంతట తనే కూడబలుక్కున్నాడు, యజమాని మొహాన నిజం చెప్పే గొంతుందని జనం వీణ్ణి ముందు నిలబెట్టారు. ఇప్పుడు ఆ గొంతే యజమానికి గూఢచారి పని చేసిందంటే ఏ మొహం పెట్టుకుంటాడు?

"నీకెప్పటినుంచి తెలుసు?"

"రెండేళ్ళు. ఇంకా ఎక్కువేనేమో. పక్క మీద చీకట్లో ఏం మాట్లాడినా జవాబు చెప్పడం మానేశావు. మొదట్లో కోపమనుకున్నాను." ఆమె ముక్కు తుడుచుకుంది. "చెవుడని తెలిస్తే మిషన్ల దగ్గర ఉండనివ్వరు. అందుకే ఎవరికీ చెప్పలేదు. నీక్కూడా."

"మరి ఈ కాగితం?"

"రేపు మీటింగయ్యాక యజమాని దగ్గరికి వెళ్ళేది ఎవరు? నువ్వే. పోయిన ఉద్యోగాలు వెనక్కి ఇప్పించాల్సింది నువ్వే. నోటి నుంచి తేదీ జారవిడుచుకున్నవాడి వెనక ఎవరొస్తారు? వాళ్ళ పిల్లల మొహాలు చూసి దాచాను. నాకేం సరదానా?"

"అక్క సంగతి?"

ఆమె మాట్లాడలేదు. నిజంగానే మాట్లాడలేదు. వాడు ఆమె పెదాలు చూస్తూనే ఉన్నాడు.

పొయ్యి వెలుగుతోంది. పొడుగోడు కాగితం పట్టుకుని మంట వైపు చూశాడు. చూశాడంతే. చెయ్యి కదపలేదు. కాల్చే ధైర్యం లేదు, బయటపెట్టే ధైర్యం అంతకంటే లేదు. ఇలాంటప్పుడు మనిషి ఏం చేస్తాడు? మధ్యలో ఒక సందు వెతుక్కుంటాడు. వాడికి దొరికింది. భార్య దగ్గరికి జరిగి, తల వంచి, గొంతు బాగా తగ్గించాననుకుని, ఆమె చెవిలో చెప్పాడు.

"విను. ఇది మనిద్దరి మధ్యే ఉండాలి. పొట్టోడు ద్రోహి కాదు, సరే. తేదీ బయటపెట్టింది నా నోరే, సరే. కానీ ఇప్పుడు చెప్తే అంతా కూలిపోతుంది. రేపు తీర్మానాన్ని ఏదో వంక పెట్టి వాయిదా వేయిస్తాను. యజమానితో మాటలు అయ్యాక చూద్దాం. అప్పటిదాకా ఎవరికీ తెలియకూడదు. ముఖ్యంగా అక్కకి."

భార్య మొహం పాలిపోయింది. తల అడ్డంగా ఊపింది. వాడి చొక్కా పట్టుకుని లాగింది, ఒకసారి, రెండుసార్లు, గట్టిగా.

"ఏంటి? చొక్కా లాగుతావేంటి? చెప్పేది సరిగ్గా..."

ఆ మాట నోట్లోనే ఆగింది.

దుప్పటి గట్టిగా లాగాను.

భార్య వాడి వైపు చూడటంలేదు. గోడ వైపు చూస్తోంది. అక్కకీ వాళ్ళకీ మధ్య ఉన్న గోడ. అవతల ఏదో శబ్దం ఆగిపోయినట్టు చూస్తోంది. తర్వాత ఆమె కళ్ళు నెమ్మదిగా తలుపు వైపు జరిగాయి. ఎవరైనా తడుతున్నారా? వాడికేం తెలుస్తుంది? ఆమె కళ్ళను పట్టుకుని తనూ తలుపు వైపు చూశాడు.

"నేను తియ్యనా?" అంది పెదాలతో.

పొడుగోడే లేచి తీశాడు.

గడప అవతల పొట్టోడి అక్క నిలబడి ఉంది. చేతులకి ఇంకా సబ్బు నురగ, అంట్లు తోముతూ లేచొచ్చినట్టుంది. ఆమె వెనక వీధి. పంపు దగ్గర బిందెలు పెట్టుకున్నవాళ్ళు, మెట్ల మీద కూర్చున్నవాళ్ళు, కిటికీల్లో తలలు. వీడి గొంతుకి అందరూ ఇటు తిరిగారు. గోడ పక్కనున్న మనిషికి వినపడినంత వాళ్ళకి వినపడి ఉండదు. ఎంత విన్నారో మొహాలు చూస్తే తెలియడంలేదు. ఏదో జరిగిందని మాత్రం తెలుసు. ఏంటా అని మెడలు సాచి చూస్తున్నారు.

అక్క అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. చెంప పగలగొడుతుందనుకున్నాడు. అదీ చేయలేదు. వీధికి వీపు పెట్టి, వాడి కళ్ళలోకి చూస్తూ, నోరు బాగా తెరిచి, మాట మీద మాట పెదాల మీద గీసింది. ఒక్క చప్పుడు లేదు. వీధిలో ఒక్కరికి తెలియలేదు. వాడికొక్కడికే తెలిసింది.

"నా తమ్ముడు నీ పరువు మోసుకుని ఓడెక్కుతున్నాడు. రేపు నా దుప్పటి రెండో చివర నువ్వొచ్చి పట్టుకుంటావా తమ్ముడూ, ఎందుకో అందరికీ చెప్పి? లేక ఆ కాగితం ఇలా ఇస్తావా, నేనే చదువుతాను?"

పొడుగోడి చేతిలో కాగితం ఉంది. దాచుకోవడానికి కూడా తోచలేదు.

అప్పుడర్థమైంది వాడికి, ఆమె ఎలా నిలబడిందో. ఆమె పెదాలు వీధికి కనపడవు. వాడివి కనపడతాయి. గొంతు వస్తుందో రాదో వాడికి తెలియదు, వచ్చినా రాకపోయినా ఒకటే. ఆ వీధంతా లాండ్రీ జనమే, పెదాలు చదివేవాళ్ళే. వాళ్ళందరి కళ్ళూ వాడి నోటి మీదే ఉన్నాయి.

పొడుగోడు నోరు తెరిచాడు.